మూడేళ్ల నాటి సంగతి ఎనిమిదేళ్లకు ఏమవుతుంది?

2021 నవంబరు వానలకు తిరుపతిలో పల్లపు వీధులు మునిగినప్పుడు మా తమ్ముడి కూతురికి మూడేళ్ల మూడు నెలలు. తెల్లవారేసరికి ఇంట్లోకి మోకాళ్లు దాటి నీళ్లు వచ్చేశాయి. గ్యాస్ బండ తేలి వంటింటి తలుపును కొడుతూ ఉంటే, పిల్లను భుజాన వేసుకుని అందరూ ఎదురింటివాళ్ల మిద్దె మీదికి చేరారు. ఆ మరుసటి వేసవిలో నేను చిత్తూరు నుంచి పోయినప్పుడు పాప నాకు ఆ కథంతా చెప్పింది. అందులో ఒక ముక్క నాకు బాగా పట్టుకుంది. “అత్తా, పొయ్యి మింద కప్ప కూచోనుండాది. నన్నే చూస్తా ఉండాది.” ఇంట్లో ఇంకెవరూ ఆ కప్పను చూడలేదు. పిల్లల మాటలు రాసిపెట్టుకునే అలవాటు నాకుంది కాబట్టి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఇప్పుడు పాప మూడో తరగతి. మొన్న సెలవుల్లో అడిగాను, వరద గుర్తుందా అని. ఉందంది. నాయన స్కూటరును నీళ్లలో తోసుకుంటూ పోవడం, అవ్వ దేవుడి పటాలు చంకన పెట్టుకుని గడప దాటడం, ఎవరో “పదిలం అక్కా” అని అరవడం. వరసగా, తడుముకోకుండా చెప్పింది. వింటూ ఉంటే ఇదంతా ఎక్కడో చూశాననిపించింది. చూసిందే. మా తమ్ముడి ఫోనులో మిద్దె మీద నుంచి తీసిన 40 సెకన్ల వీడియో ఒకటుంది. పాప చెప్పింది సరిగ్గా అదే, అంతవరకే. మరి కప్ప? “కప్పా? యాడ?” అంది.

చిన్ననాటి జ్ఞాపకాల మాట వస్తే మనమంతా అడిగేది ఒకటే: “నీకు ఎంత చిన్నప్పటి సంగతులు గుర్తున్నాయి?” ఆ అడగడంలోనే ఒక పొరపాటు దాగి ఉంది. పసితనంలో మెదడు పచ్చిగా ఉంటుంది, దాని మీద ఏదీ నిలవదు, మూడో ఏడు దాటాకే రాత మొదలవుతుంది అని లోపల్లోపల నమ్ముతాం. నిజానికి మూడేళ్ల పిల్లకు నెల కిందటి సంగతీ గుర్తుంటుంది, ఏడాది కిందటిదీ గుర్తుంటుంది. ఆ పిల్లకు ఏడెనిమిదేళ్లు వచ్చే వేళకు అవి జారిపోతాయి. అంటే మనం మరచిపోయింది మూడేళ్లప్పుడు కాదు. మూడేళ్లప్పటి సంగతులను మూడో తరగతిలో మరచిపోయాం. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా చిక్కుముడి చాలావరకు వదులవుతుంది.

సగటు మూడున్నర, కానీ

ఈ ఆరా కొత్తది కాదు. 1890ల్లో విక్టర్ హెన్రీ, కేథరిన్ హెన్రీ అనే దంపతులు ప్రశ్నపత్రాలు పంచి పెద్దవాళ్ల తొలి జ్ఞాపకాలు పోగుచేశారు. 123 మంది జవాబులిచ్చారు. ఎక్కువభాగం రెండు నుంచి నాలుగేళ్ల మధ్యవి. ఆ తరవాత అమెరికా, యూరప్‌లలో ఎన్నిసార్లు అడిగినా సగటు మూడు, మూడున్నరేళ్ల దగ్గరే తిరిగింది. దీనికి మానసిక శాస్త్రంలో బాల్య విస్మృతి అని పేరు. 1905లో ఫ్రాయిడ్ దీని మీద రాస్తూ, పసితనపు కామవాంఛలను మనసు అణిచిపెట్టడమే కారణమన్నాడు. ఆయన లేవదీసిన చర్చ నిలిచింది, చెప్పిన కారణం నిలవలేదు. పొయ్యి మీది కప్పను అణిచిపెట్టుకోవాల్సిన అవసరం ఏ పిల్లకుంటుంది?

సగటు అన్న మాటను కూడా జాగ్రత్తగా పట్టుకోవాలి. కెనడాలోని న్యూఫౌండ్లాండ్‌లో కెరోల్ పీటర్సన్ అనే పరిశోధకురాలు 20 ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నారు. 2021లో ఆమె అన్నీ కలిపి చూసి, సగటు రెండున్నరేళ్ల దాకా దిగుతుందని తేల్చారు. రెండు సంగతులు ఆమె గమనించారు. మొదటిది, ఎవరినైనా తొలి జ్ఞాపకం అడిగితే చెప్పేది నిజంగా తొలిది కాదు, చేతికి ముందుగా తగిలినది. ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు అని కూర్చోబెడితే అంతకన్నా పాతవి బయటికొస్తాయి. రెండోది, వయసు లెక్క తప్పుతుంది. నాలుగేళ్ల లోపు సంగతులను మనం ఇంకా పెద్ద వయసులో జరిగినట్టు చెప్తాం. అమ్మానాన్నలను అడిగి సరిచూస్తే అది ఇంకా వెనకటిదని తేలుతుంది.

దీనికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. తిరుపతి గంగజాతరలో ఒంటినిండా బొగ్గు పూసుకున్న తోటి వేషాన్ని చూసి, మా మేనమామ మెడ గట్టిగా పట్టుకుని ఏడ్చానని మా తమ్ముడు చెప్తాడు. అమ్మ పక్కన లేదని, ఆసుపత్రిలో ఉందని కూడా వాడే చెప్తాడు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నది మా చెల్లెలు పుట్టిన వారం. చెల్లెలి పుట్టినరోజు మే నెల, జాతర జరిగేదీ ఆ రోజుల్లోనే. లెక్క వేస్తే వాడికి అప్పటికి రెండేళ్ల ఏడు నెలలు. “కాదక్కా, నాకు నాలుగేండ్లు ఉంటాయి” అని వాడు ఇప్పటికీ వాదిస్తాడు.

వాడి జ్ఞాపకం చెల్లెలి పుట్టుక చుట్టూ నిలవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. 1993లో అషర్, నైసర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులను నాలుగు సంగతుల గురించి అడిగారు: తోబుట్టువు పుట్టడం, తాము ఆసుపత్రిలో ఉండటం, ఇంట్లో ఒకరు పోవడం, ఇల్లు మారడం. మొదటి రెండూ రెండేళ్ల వయసులో జరిగినా కొంత గుర్తున్నాయి. చావు, ఇల్లు మారడం మాత్రం మూడేళ్లు ఉంటేగానీ నిలవలేదు. జ్ఞాపకాల మీద పరిశోధన చేసే ఎలిజబెత్ లాఫ్టస్ దీనికి అడ్డుచెప్పారు. తమ్ముడు పుట్టినప్పుడు ఎవరి దగ్గర ఉన్నావంటే అమ్మమ్మ దగ్గర అని ఊహించైనా చెప్పొచ్చు కదా అని. న్యాయమైన అడ్డే. తోటి వేషం ఏడుపు సంగతి మా మామ ఎన్ని పండగలకు చెప్పి నవ్వాడో నాకూ తెలుసు.

ఉయ్యాల్లో ఉన్నప్పుడే మొదలు

1960ల్లో కెరొలిన్ రోవీ కొలియర్ అనే అమెరికన్ విద్యార్థిని థీసిస్ రాసుకుంటూ ఉంటే ఉయ్యాల్లో కొడుకు ఊరికే ఉండనిచ్చేవాడు కాదు. పైన వేలాడే ఆటబొమ్మల గుత్తికి ఒక రిబ్బను కట్టి, రెండో కొస వాడి కాలికి కట్టింది. కాలు తంతే బొమ్మలు ఊగుతాయి. నిమిషాల్లో వాడికి కిటుకు తెలిసిపోయింది. తల్లి అవస్థలోంచి పుట్టిన ఆ ఉపాయం తరవాత ఒక పరిశోధన పద్ధతే అయింది. నేర్పిన కొన్నాళ్లకు రిబ్బను కట్టకుండా అదే గుత్తిని చూపిస్తే పిల్లలు ఎంతగా తంతారో లెక్కపెట్టారు. రెండు నెలల బిడ్డకు ఒకటి రెండు రోజులు గుర్తుంది. మూడు నెలల బిడ్డకు వారం దాకా. ఆరు నెలలకు రెండు వారాలు. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, మరచిపోయినట్టే కనిపించిన బిడ్డకు ముందురోజు బొమ్మల గుత్తి ఊగడం ఒకసారి చూపిస్తే చాలు, మరునాడు మళ్లీ కాలు ఆడించారు. పోయిందనుకున్నది పోలేదు, అడుగున పడి ఉంది.

కాలు తన్నడం అలవాటు, జ్ఞాపకం కాదు అనేవాళ్లు ఉన్నారు. సైకిల్ తొక్కడం రావడం వేరు, సైకిల్ మీద నుంచి పడిన మధ్యాహ్నం గుర్తుండటం వేరు. ఆ రెండోది పసిబిడ్డ మెదడులో మొదలవుతుందా అన్నది చాన్నాళ్లు తేలలేదు, ఎందుకంటే మెలకువగా ఉన్న చంటిబిడ్డను స్కానింగు మిషన్‌లో కదలకుండా పడుకోబెట్టడం ఎవరి తరం? యేల్ విశ్వవిద్యాలయంలో నిక్ టర్క్ బ్రౌన్, ట్రిస్టన్ యేట్స్ బృందం ఆ పని చేసి, 2025లో ఫలితాలు బయటపెట్టింది. నాలుగు నెలల నుంచి 25 నెలల దాకా ఉన్న 26 మంది పిల్లలకు బొమ్మలు చూపించారు. కాసేపటికి చూసిన బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టారు. పిల్లలు ఏ బొమ్మను గుర్తుపట్టి ఎక్కువసేపు చూశారో, ఆ బొమ్మను మొదటిసారి చూస్తున్నప్పుడే వాళ్ల హిప్పోక్యాంపస్ ఎక్కువ చురుగ్గా ఉంది. మెదడులో సంఘటనలను జ్ఞాపకంగా కట్టే చోటు అది. ఏడాది దాటిన పిల్లల్లో ఇది గట్టిగా కనిపించింది.

అంటే రాత జరుగుతూనే ఉంది. ఏడాది బిడ్డకు కూడా. మరి ఆ పుటలు ఎవరు చింపారు?

చెరిపివేత బడి వయసులో

అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పట్రీషియా బావర్, మరీనా లార్కినా చేసిన పని నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. పెద్దవాళ్లను అడిగి వెనక్కి ఊహించకుండా, వాళ్లు మూడేళ్ల పిల్లల దగ్గరికే పోయారు. జూకి పోవడం, పుట్టినరోజు పండగ లాంటి సంగతుల గురించి తల్లితో పిల్లలు మాట్లాడుకుంటూ ఉంటే రికార్డు చేసి పెట్టుకున్నారు. తరవాత ఆ పిల్లలనే, కొందరిని ఐదో ఏట, కొందరిని ఆరో ఏట, అట్లా తొమ్మిదో ఏడు దాకా విడివిడిగా పిలిచి అవే సంగతులు అడిగారు. ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లకు 60 శాతానికి పైగా సంగతులు గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లకు 40 శాతం కూడా లేవు. 2014లో అచ్చయింది ఇది. మెట్టు ఎక్కడుందో ఇంత తేటగా అంతకుముందు ఎవరూ చూపలేదు.

అందులోనే ఇంకో తమాషా. ఎనిమిదేళ్ల పిల్లలకు తక్కువ సంగతులు గుర్తున్నాయి గానీ, గుర్తున్నవాటిని మాత్రం ఎక్కువ వివరంగా, ఎప్పుడు ఎక్కడ ఎందుకు అన్నవి అమర్చి చెప్పారు. ఐదేళ్ల పిల్ల చాలా గుర్తుపెట్టుకుంటుంది, అతుకులబొంతగా చెప్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల కొన్నే మిగుల్చుకుంటుంది, వాటిని కథ చేస్తుంది. మా పాప వరదను వరసగా చెప్పడం విని నేను ముచ్చటపడ్డాను గానీ, ఆ వరసే కప్ప పోయిందనడానికి గుర్తని అప్పుడు తట్టలేదు.

పీటర్సన్ కూడా నాలుగు నుంచి పదమూడేళ్ల మధ్య పిల్లలు 140 మందిని తొలి జ్ఞాపకాలు అడిగి, రెండేళ్ల తరవాత మళ్లీ అడిగారు. చిన్నవాళ్లు మొదట చెప్పినవి వదిలేసి కొత్తవి, ఇంకా పెద్ద వయసువి చెప్పారు. వాళ్లు చెప్పినదే వాళ్లకు వినిపిస్తే, అట్లాంటిదేమీ జరగలేదని అన్నవాళ్లూ ఉన్నారు. పది దాటినవాళ్ల దగ్గర మాత్రం పాతవే మళ్లీ వచ్చాయి. తొలి జ్ఞాపకం అనేది పాతిన రాయి కాదు. పిల్లతోపాటు అదీ కొన్నేళ్లు నడుస్తుంది, పదేళ్ల వయసుకు ఒకచోట నిలబడుతుంది.

తోటలో బాట

ఎందుకు పోతాయి? మెదడు వైపు నుంచి వచ్చిన జవాబు టొరంటోలో పాల్ ఫ్రాంక్లండ్, షీనా జోసెలిన్ ప్రయోగశాలది. పుట్టిన కొత్తలో హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు జోరుగా పుడుతూ ఉంటాయి, ఉన్న అల్లికలో చోటు చేసుకుంటూ ఉంటాయి. చిత్తూరు పక్క మామిడితోట చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చెట్ల మధ్య నడిచి నడిచి ఒక కాలిబాట పడి ఉంటుంది. ఆ ఏడాది వరసల మధ్య ఖాళీల్లో తోతాపురి అంట్లు నాటుతారు. కొన్నేళ్లకు కొమ్మలు కలిసిపోతాయి. బాటను ఎవరూ తవ్విపారేయలేదు, కానీ దాని వెంట నడవలేం.

ఎలుకల్లో వాళ్లు దీన్ని రెండు వైపులా పరీక్షించారు. పెద్ద ఎలుకలను చక్రం మీద పరుగెత్తించి కొత్త కణాల పుట్టుక పెంచితే, అంతకుముందు నేర్చుకున్నది మరచిపోయాయి. పిల్ల ఎలుకల్లో ఆ పుట్టుకను తగ్గిస్తే మరపు తగ్గింది. గినీ పందులు కొంత ఎదిగిన మెదడుతోనే పుడతాయి, తరవాత వాటిలో కొత్త కణాల పుట్టుక తక్కువ. పిల్లప్పటి సంగతులు వాటికి అంతగా పోవు. 2014లోనే వచ్చిన ఈ పని ఎలుకల మీద చేసింది, పిల్లల మీద కాదు. అయినా దారి చూపింది. రెండేళ్లకు న్యూయార్క్‌లో క్రిస్టీనా అల్బెరినీ బృందం ఇంకో సంగతి చూపింది. 17 రోజుల ఎలుకపిల్లలు నేర్చుకుని మరునాటికే మరచిపోయినట్టు కనిపించినదాన్ని, తరవాత తగిన గుర్తులు చూపించి మళ్లీ పైకి రప్పించగలిగారు. బాట మూసుకుపోయింది గానీ నేల కింద గట్టిపడిన మన్ను అట్లాగే ఉందన్నమాట.

మాట లేని సంగతి

మెదడు ఒక్కటే కారణమైతే కథ ఇక్కడితో అయిపోను. న్యూజిలాండ్‌లో గాబ్రియెల్ సిమ్‌కాక్, హార్లీన్ హేన్ 2002లో ఒక వింత పెట్టె తయారుచేశారు. పెద్ద బొమ్మను పైనుంచి వేసి పిడి తిప్పితే, కింద అదే బొమ్మ చిన్నదై వస్తుంది. రెండు నుంచి మూడేళ్ల పిల్లల ఇళ్లకు పోయి దాంతో ఆడించి, ఆరు నెలలకో ఏడాదికో తిరిగివచ్చి అడిగారు. పిల్లలు పెట్టెను ఎట్లా ఆడించాలో చేతులతో చేసి చూపారు, ఫొటోల్లో బొమ్మలను గుర్తుపట్టారు. నోటితో చెప్పమంటే మాత్రం, ఆట ఆడిన రోజున తమకు వచ్చిన మాటలే వాడారు. ఈలోగా బోలెడు మాటలు నేర్చుకున్నారు. వాటిలో ఒక్కదాన్నీ ఆ పాత సంగతికి తొడగలేకపోయారు.

దీన్ని మన ఇళ్లలోకి తెచ్చి చూడండి. బువ్వ, లాల, బూచి, జేజి. రెండేళ్ల పిల్లకు లోకమంతా ఈ పది మాటల్లో ఉంటుంది. మూడున్నరకు ఆ మాటలను ఇల్లే మాన్పిస్తుంది. పిల్లను ఎల్కేజీలో వేశాక “బువ్వ కాదమ్మా, రైస్ అనాలి” అని చెప్పే ఇళ్లు నాకు తెలుసు. చిత్తూరు, పలమనేరు, కుప్పం పక్కల ఇంకో చిక్కు. ఇంట్లో అరవమో కన్నడమో, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. వియొరికా మరియన్, నైసర్ 2000లో రష్యా నుంచి అమెరికా పోయిన విద్యార్థులను రెండు భాషల్లో అడిగి చూశారు. రష్యన్‌లో అడిగితే రష్యన్ మాట్లాడిన రోజుల సంగతులు ఎక్కువగా వచ్చాయి, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషు రోజులవి. అవ్వతో అరవంలో గడిచిన మధ్యాహ్నాన్ని, “వాట్ డు యు రిమెంబర్?” అని అడిగి రప్పించాలనుకోవడం వేరే ఊరి తాళంచెవితో మన ఇంటి తలుపు తెరవబోవడమే.

మాటలు ఉంటే చాలదు, ఆ మాటలతో పెద్దవాళ్లు ఏం చేస్తారన్నది కూడా ఉంది. ఎలేన్ రీస్, రాబిన్ ఫివుష్ తల్లుల మాట తీరును దశాబ్దాలుగా గమనిస్తూ వచ్చారు. కొందరు తల్లులు జరిగినదాన్ని తవ్వి తీస్తారు. అప్పుడేమైంది, నువ్వేం చేశావు, ఎట్లా ఉండింది, అవునా, ఇంకా? ఇంకొందరు ఒకే ప్రశ్నను పరీక్షలా అడుగుతారు: ఎక్కడికి పోయాం, చెప్పు, మరచిపోయావా? న్యూజిలాండ్‌లో పసితనం నుంచి వెంట పడి గమనించిన పిల్లలు పన్నెండు, పదమూడేళ్ల వాళ్లయ్యాక చూస్తే, మొదటి రకం తల్లుల పిల్లలకు ఇంకా వెనకటి వయసు జ్ఞాపకాలు ఉన్నాయి. ఆ దేశంలోనే 2000లో వచ్చిన ఒక పరిశోధనలో అక్కడి మూలవాసులైన మావొరీ జాతివాళ్ల తొలి జ్ఞాపకం సగటున రెండేళ్ల ఎనిమిది నెలలది. యూరప్ మూలాల వాళ్లది మూడున్నరేళ్లది. ఆసియా మూలాల వాళ్లది నాలుగేళ్ల పది నెలలది. మావొరీ ఇళ్లలో వంశం కథలు, పుట్టుక కథలు చెప్పుకోవడం జీవితంలో భాగం. మెదడు అందరిదీ ఒకటే. ఇంటి మాట వేరు.

మన దగ్గరా మాటకు కొదవ లేదు. కానీ తీరు ఎట్లాంటిది? “నువ్వు పసిబిడ్డప్పుడు మన్ను తిన్యావు, మీ తాత కొట్టబోతే నేనే అడ్డం పోయినా.” చెప్పేది అవ్వ, వినేది పిల్ల. కథ అయినా అంతే, పిల్ల పని ఊఁ కొట్టడం. పిల్ల గురించిన సంగతిలో కూడా పిల్లది ఊఁ కొట్టే పాత్రే. “నీకేం కనపడింది?” అని ఆగి అడిగేవాళ్లు నాకు మా వైపు అరుదుగానే తగిలారు. పాపను ఆ వేసవిలో నేను అట్లా అడగబట్టి కప్ప బయటికొచ్చింది. ఆ తరవాత నేనూ అడగలేదు, వీడియో మాత్రం చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆడింది.

గుండు, గంధం

చెప్పుకోవడం వల్ల జ్ఞాపకం నిలుస్తుంది. చెప్పుకోవడం వల్లే లేనిది కూడా మొలుస్తుంది. నా సంగతే చెప్తాను. చాలా ఏళ్లు నా తొలి జ్ఞాపకం తిరుమల కల్యాణకట్ట అని నమ్మాను. మేనమామ తొడ మీద కూర్చున్నాను, తల మీద చన్నీళ్లు, కత్తి గీరుకోవడం, తరవాత గుండు మీద గంధం చల్లదనం. పుట్టువెంట్రుకలు తీసింది నా పదకొండో నెలలో. పదకొండో నెల సంగతి గుర్తుందని చెప్తే జనం కళ్లు పెద్దవి చేస్తారు, అది నాకు బాగుండేది. ఒకరోజు ఎవరికో చెప్తూ ఉండగా నాకే తట్టింది: నా జ్ఞాపకంలో నా గుండు నాకు వెనక నుంచి కనిపిస్తూ ఉంది.

అది ఫొటో కాదు, ఫొటో ముందు నుంచి తీసింది, నలుపు తెలుపు. వెనక నుంచి చూసింది మా చెల్లెలి గుండు. అప్పటికి నాకు ఆరేళ్లు, వాళ్ల వెనకే నిలబడి ఉన్నాను. ఆ పసుపు రంగు గంధం ఆమెది, తొడ మామది, ఏడుపు అమ్మ చెప్పినది. మూడూ కలిసి నాదైపోయాయి. వెనక నుంచి కనిపించినంత మాత్రాన అబద్ధమని చెప్పలేం, నిజమే. పాత జ్ఞాపకాల్లో మనల్ని మనమే బయటి నుంచి చూసుకోవడం మామూలేనని నైగ్రో, నైసర్ 1983లోనే చూపారు. నాకు దొరికిపోయింది ఆ కోణం వల్ల కాదు, తేదీల వల్ల.

ఇందులో నేనొక్కదాన్నే కాదు. 2018లో బ్రిటన్ పరిశోధకులు 6,641 మంది తొలి జ్ఞాపకాలు పోగుచేశారు. ఫొటో చూసి తెలిసినవీ ఇంట్లో చెప్పగా విన్నవీ వద్దని ముందే చెప్పారు. అయినా నూటికి 38 మందికి పైగా రెండేళ్లో అంతకన్నా తక్కువో వయసు చెప్పారు. ఏడాదిలోపువని చెప్పినవాళ్లు 893 మంది. వాటిలో ఎక్కువభాగం కల్పితాలై ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం. ఎవరూ అబద్ధమాడలేదు. ఉయ్యాల, బొంత, అమ్మ ముఖం లాంటి ముక్కలు, విన్న మాటలు కలిసి బొమ్మ కట్టాయి, కాలం గడిచేకొద్దీ అది జ్ఞాపకంలాగే అనిపించసాగింది.

పిల్లల మనసు మీద అంత పని చేసిన జాన్ పియాజె కూడా ఇందులో పడ్డాడు. రెండో ఏట ప్యారిస్‌లో ఎవడో తనను తోపుడుబండిలోంచి ఎత్తుకుపోబోతే ఆయా అడ్డుపడిందని, ఆమె ముఖం మీద గీరుకుపోయిన గాట్లు కూడా తనకు కళ్లకు కట్టినట్టున్నాయని నమ్మేవాడు. అతనికి పదిహేనేళ్లప్పుడు ఆ ఆయా ఉత్తరం రాసింది. అదంతా తాను అల్లిన కథ అని, అందుకు బహుమతిగా ఇచ్చిన గడియారం తిరిగి ఇచ్చేస్తున్నానని. 2002లో కింబర్లీ వేడ్ బృందం 20 మందికి వాళ్ల చిన్నప్పటి ఫొటోను వేడిగాలి బుడగలో అతికించి చూపించింది. వాళ్లెవరూ దానిలో ఎక్కలేదు. రెండు వారాల్లో పదిమందికి ఆ ప్రయాణం ఎంతో కొంత గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఫొటో అతికించాలంటే కష్టపడాలి. ఇప్పుడు పిల్లల ప్రతి పుట్టినరోజుకూ ఫోనే పాత ఫొటోలు ఏరి, పాట పెట్టి మరీ చూపిస్తుంది.

కాబట్టి మీ తొలి జ్ఞాపకం నిజమా కాదా తేల్చుకోవాలంటే మీ మనసు ఎంత గట్టిగా చెప్తున్నదన్నది కొలత కాదు. తేదీ ఉన్న దేనికైనా ముడిపడి ఉందా చూడండి: చెల్లెలి పుట్టుక, ఇల్లు మారడం, జాతర, వరద. ఇంట్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు మీ కథ ముందు చెప్పకండి, వాళ్లది ముందు విని అప్పుడు పోల్చండి. ఎవరూ చెప్పడానికి పనికిరాని చిల్లర వివరం, ఫొటోలో లేనిది, ఇంటి కథల్లో లేనిది ఏదైనా ఉంటే అది మీదే కావడానికి అవకాశం ఎక్కువ. కప్ప లాంటిది.

ఇంత తెలిసీ నేను చేసిన పని ఒకటుంది. ఆ సెలవుల్లోనే నోటుపుస్తకం తీసి పాపకు చదివి వినిపించాను. “పొయ్యి మింద కప్ప కూచోనుండాది. నన్నే చూస్తా ఉండాది.” నవ్వింది. “నేను చెప్పినానా?” అని రెండుసార్లు అడిగింది. తాను చిన్నప్పుడు మాట్లాడిన తీరు విని సిగ్గుపడి, అవ్వ దగ్గరికి పరుగెత్తింది. కప్ప గుర్తొచ్చిందా అంటే తల అడ్డంగా ఊపింది.

వారం తిరక్కముందే పక్కింటి పిల్లతో వాకిట్లో కూర్చుని వరద సంగతి చెప్తూ ఉంటే కిటికీలోంచి విన్నాను. స్కూటరు వచ్చింది, దేవుడి పటాలు వచ్చాయి, ఆ తరవాత కప్ప కూడా వచ్చింది.

“నిజంగా చూసినావా మే?” అంది ఆ పిల్ల.

“చూసినా. అది ఊరికే కూచోలా. అగ్గిపెట్టె మింద కూచోనుండాది. అగ్గిపెట్టె తడిసిపోయిండె.”

అగ్గిపెట్టె నా నోటుపుస్తకంలో లేదు.